‘మేడపై రౌట రింకొటి’ పద్యానికి టీకా తాత్పర్య విశేషాలు

అవతారిక

మెదక్ జిల్లా కొల్చారం వాడని చెప్పుకునే కోలాచల మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసి, దానికి సంజీవని అని పేరు పెట్టుకున్నాడు. చెడ్డ వ్యాఖ్యానాల విషం తలకెక్కి కాళిదాసు వాక్కు మూర్ఛపోయి ఉందనీ, దాన్ని తాను లేపుతాననీ ఆయన ధీమా. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మాట కూడా ఇచ్చాడు. ఆ రెండో మాట నిలబెట్టుకోవడం ఎంత కష్టమో వ్యాఖ్య రాయబోయిన ప్రతివాడికీ మొదటి పుటలోనే తెలిసిపోతుంది.

ఇక్కడ మనం ఎత్తుకున్న పద్యం కాళిదాసుది కాదు. ఒక మేనమామ మేనల్లుడికి వాట్సాప్‌లో పంపినది. అయినా దీనికి ఎక్కిన విషం మాత్రం అలాంటిదే. “ఒకసారి ఆపి వెయ్యండి” అని ఒక వ్యాఖ్యాత, “ప్లాన్ పెంచుకోండి” అని మరొకరు, “చవకది కొంటే అంతే మరి” అని ఇంకొకరు. కొట్టువాడి వ్యాఖ్య అయితే, “మూడోది కూడా పెట్టండి సార్.” పద్యం స్పృహ తప్పింది. అందుకే ఈ ప్రయత్నం.

కథాసందర్భం ఇది. కవి విశ్రాంత తెలుగు మాస్టారు. సొంత ఇల్లు, కింద హాలు, వంటిల్లు, రెండు పడగ్గదులు, డాబా మీద ఒక గది. వీధి స్తంభం మీదుగా వచ్చిన ఫైబర్ తీగ కింద హాల్లో, టీవీ వెనక ఉన్న తెల్ల డబ్బాలో దిగింది. పై గదిలో కొడుకు ఇంటి నుంచే ఆఫీసు పని చేసుకుంటాడు. అక్కడికి నెట్ సరిగా అందకపోతే రెండో రౌటర్ కొనుక్కొచ్చి, తీగ లేకుండా గాలిలోనే మొదటిదానికి కలిపారు. కలిసింది. తరవాతి సంగతి పద్యం చెబుతుంది. అంతకుముందు గద్యంలో పెట్టిన ఫిర్యాదుకు కుటుంబం గ్రూపులో బొటనవేలి బొమ్మలు తప్ప జవాబు రాకపోవడం చేత మాస్టారు పద్యానికి దిగారని సంప్రదాయజ్ఞుల మాట.

మూలం

మేడపై రౌట రింకొటి మేము పెట్ట
గీత లన్నియు నిండెను, గిఱ్ఱు గిఱ్ఱు
మనుచుఁ జక్రంబు తిరుగుట మానదాయె;
ఏమి చేయుదు నల్లుడా! యెఱుగఁ జెప్పు.

ఛందస్సు తేటగీతి. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి. మే-మే, గీ-గి, మ-మా, ఏ-యె అంటూ నాలుగు పాదాల్లోనూ యతి చెల్లింది. చెల్లనిది నెట్ ఒక్కటే.

ప్రతిపదార్థం

అల్లుడా = ఓ మేనల్లుడా; మేము = నేనూ, మీ అత్తా, మావాడూ; మేడపై = డాబా మీది గదిలో; రౌటరు ఇంకొటి = రెండో రౌటరును; పెట్టన్ = పెట్టగా; గీతలు అన్నియున్ = ఫోను నెత్తి మీద కనబడే వైఫై గీతలన్నీ; నిండెను = నిండాయి; అయినను అని అధ్యాహారం; చక్రంబు = తెర నడుమ తిరిగే సున్న; గిఱ్ఱు గిఱ్ఱుమనుచున్ = ఆగకుండా; తిరుగుట = తిరగడం; మానదాయెన్ = మానలేదు; ఏమి చేయుదున్ = ఏం చెయ్యను? ఎఱుగన్ = నాకు బోధపడేలా; చెప్పు = చెప్పుము.

అల్లుడంటే కూతురి మొగుడని కొందరు అర్థం చెప్పారు. కుదరదు. అతనే అయితే మాస్టారు “అల్లుడుగారూ” అనేవారు, చివర “చెప్పండి” అనేవారు. గణాలు చెడితే చెడనిమ్మనేవారు. చక్రం కూడా సుదర్శనం కాదు. అది వెళ్ళిన పని చూసుకుని తిరిగి వస్తుంది. ఇది ఎక్కడికీ వెళ్ళదు.

తాత్పర్యం

మామయ్య అంటున్నదేమిటంటే: “ఒరేయ్, పైన ఇంకో రౌటర్ పెట్టించాం, సిగ్నల్ ఫుల్లుగా ఉంది, నెట్ మాత్రం తిరుగుతూనే ఉంది. ఏం చెయ్యాలో నాకు అర్థమయ్యేలా చెప్పు.”

విశేషాలు

‘మేము’. మనం అంటే వినేవాడు కూడా కలుస్తాడు. మేము అంటే అతన్ని గుమ్మం బయట నిలబెట్టినట్టు. కొట్టుకు వెళ్ళినప్పుడు, డబ్బా ఎంచినప్పుడు, గోడకు మేకు కొట్టినప్పుడు మేనల్లుణ్ణి అడగలేదని కవి తన నోటితోనే ఒప్పుకుంటున్నాడు. నాలుగో పాదానికి వచ్చాక అల్లుడు గుర్తొచ్చాడు. అతను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి కావడం దీనికి హేతువు. బ్యాంకు లెక్కల సాఫ్ట్‌వేర్ రాసేవాడికి రౌటర్ గుట్టు తెలియాలని ఏమీ లేదు. ఆ వాదం మాత్రం మన ఇళ్ళల్లో ఇంతవరకు నెగ్గలేదు.

‘గీత లన్నియు నిండెను’. పద్యానికి ప్రాణం ఇక్కడుంది. పూర్వవ్యాఖ్యాతలు జారిపడిందీ ఇక్కడే. గీతలు దేన్ని కొలుస్తాయి? తాను పట్టుకున్న డబ్బా గొంతు ఎంత గట్టిగా వినబడుతోందో ఫోను చూపిస్తుంది, అంతే. బల్ల మీది డబ్బా మూడడుగుల దూరంలో ఉంటే గీతలు నిండక ఏం చేస్తాయి? ఆ డబ్బాకు కింది డబ్బా గొంతు ఎంత వినబడుతోందో ఫోనుకు తెలియదు, తెలుసుకునే దారీ దానికి లేదు. కింద ఫైబర్ తీగ పీకేసినా పైన గీతలు నిండుగానే ఉంటాయి. ఒక ఆశ్చర్యార్థకం పక్కన చేరితే చేరవచ్చు. కనుక గీతలు నిండడానికీ చక్రం తిరగడానికీ మధ్య మాస్టారికి తోచిన విరోధం పైకి కనిపించేదే. అలంకారం విరోధాభాసం.

గీతలు వదిలి అంకె చూడాలి. ఆండ్రాయిడ్ ఫోనులో వైఫై ఎనలైజర్ రకం యాప్ ఏదైనా దాన్ని డెసిబెల్‌-మిల్లీవాట్లలో, మైనస్ గుర్తుతో చూపిస్తుంది. మైనస్ 50 అంటే దివ్యంగా ఉన్నట్టు. మాటకూ వీడియో కాల్‌కూ మైనస్ 67 కన్నా దిగకూడదని నెట్‌వర్క్ పనివాళ్ళ లెక్క. మైనస్ 80 అంటే పేరుకు కలిసి ఉన్నట్టు. ఇది లాగరిథం కొలత, అందుకే మోసపోతాం: మూడు తగ్గితే బలం సగం, పది తగ్గితే పదోవంతు. మైనస్ 60 నుంచి మైనస్ 80కి దిగితే మిగిలేది నూరోవంతు. ఈ కొలత తీయవలసిన చోటు కూడా ముఖ్యం. రెండో డబ్బాను ఆపేసి, సరిగ్గా అది కూర్చున్న చోట ఫోను పెట్టి, కింది డబ్బా పేరు పక్కన ఎంత వస్తోందో చూడాలి. కొన్ని డబ్బాలు తమ సెట్టింగుల పేజీలోనే ఈ అంకె చెబుతాయి. మాస్టారి ఇంట్లో ఎంత ఉందో పద్యంలో లేదు. చక్రాన్ని బట్టి ఊహించవచ్చు.

‘మేడపై’. దోషమంతా ఈ విభక్తిలో ఉంది. నెట్ కావలసిన చోట డబ్బా పెట్టారు. నెట్ ఇంకా బాగా అందుతున్న చోట పెట్టాలి. పై గదికి నెట్ రావడం లేదన్నదే కదా మొదటి బాధ? అదే గదిలో కూర్చున్న రెండో డబ్బాకు మాత్రం ఎలా వస్తుంది? దాని యాంటెన్నా ఫోనుది కన్నా కాస్త మెరుగు కావచ్చు, కానీ మధ్యలో ఉన్నది స్లాబు. ఇనప చువ్వలు అల్లి కాంక్రీటు పోసిన స్లాబును రేడియో అలలు దాటడం కష్టం. 5 గిగాహెర్ట్జ్‌వి మరీ కష్టం. దానికి తోడు కింద టీవీ వెనక డబ్బా, పక్కన ఇనప బీరువా, దాని తలుపుకు నిలువుటద్దం. అద్దం వెనకున్న లోహపు పూత అలల్ని వెనక్కి తిప్పికొడుతుంది. పైన నీళ్ళ ట్యాంకు అడ్డుంటే అదొకటి; నీరు ఈ అలల్ని పీల్చేస్తుంది. చుట్టంచూపుగా వచ్చి ఇల్లు చూసినవాడెవడైనా ఆ డబ్బాను ముందు టీవీ వెనక నుంచి బయటికి తియ్యమనాలి. ఆ పనికి ఖర్చు లేదు, టీకా అంతకన్నా లేదు.

గాలిలోనే కలపాలనుకుంటే రెండో డబ్బా స్థానం సగం దారి. మెట్లు ఇంటి లోపలే ఉంటే మలుపు దగ్గర. స్లాబులో కంత ఉన్నది అక్కడే కదా. మన డాబా ఇళ్ళల్లో మెట్లు చాలావరకు బయటుంటాయి కనుక, మెట్ల వైపు తెరుచుకునే కిటికీ పక్కన. అప్పుడు పై గదిలో ఫోను గీతలు ఒకటి తగ్గుతాయి, కాల్ మాత్రం నిలబడుతుంది. గీత తగ్గినందుకు మాస్టారు మళ్ళీ పద్యం రాస్తారేమోనని నా భయం.

‘గిఱ్ఱు గిఱ్ఱు’. ఆమ్రేడితం నిరంతరాయార్థంలో వచ్చిందని సామాన్యులు అంటారు. రెండుసార్లు అన్నాడు కనుక రెండు దూరాలను సూచిస్తున్నాడని నేనంటాను. ఫోను నుంచి పై డబ్బా దాకా ఒక దూరం, పై డబ్బా నుంచి కింది డబ్బా దాకా ఇంకొకటి. ఒకే రేడియో ఉన్న డబ్బా అయితే ఈ రెండు దూరాలూ ఒకే చానల్ మీద నడవాలి. రేడియో చానల్ మీద ఒకేసారి ఇద్దరు మాట్లాడడానికి వీల్లేదు. ఒకరు పలుకుతుంటే మిగతా అందరూ వినాలి. బుర్రకథలో వంతలాగా, కథకుడి పాదం అయ్యాకే రెండో డబ్బా అందుకుంటుంది, అది పాడుతున్నంతసేపూ కథ ముందుకు పోదు. సమాచారపు ప్రతి మూటా గాలిలో రెండుసార్లు ప్రయాణించాలి కనుక, 100 మెగాబిట్లు దొరకవలసిన చోట అన్నీ కలిసొచ్చినా 50 దగ్గర ఆగిపోతుంది. అది డబ్బా లోపం కాదు, ఎంత ఖరీదైనది కొన్నా ఒకే రేడియో అయితే ఇంతే. రెండు రేడియోలున్న డబ్బా కొంత తప్పించుకోగలదు. 5 గిగాహెర్ట్జ్ మీద కింది డబ్బాతో, 2.4 మీద ఇంట్లో ఫోన్లతో మాట్లాడమని దాని సెట్టింగుల్లో చెప్పాలి. మెష్ పేరుతో అమ్మేవాటిలో ఖరీదైనవి డబ్బాల మధ్య మాటకే మూడో రేడియోను కేటాయిస్తాయి.

సగమైతే సర్దుకుంటాం. అసలు ల్యాగ్ దానివల్ల రాదు. రెండు డబ్బాల మధ్య గొంతు సన్నగిలితే అవి నెమ్మదిగా మాట్లాడే పద్ధతికి దిగుతాయి. అదే మూట గాలిని ఎక్కువసేపు ఆక్రమిస్తుంది. చేరినట్టు జవాబు రాకపోతే మళ్ళీ పంపుతాయి, మళ్ళీ రాకపోతే మళ్ళీ. ప్రతిసారీ ముందు కొంత ఆగుతాయి. ఎంత ఆగాలో అప్పటికప్పుడు పాచిక వేసుకున్నట్టు నిర్ణయించుకుంటాయి, అందరూ ఒకేసారి మొదలుపెట్టకుండా. ఇలా ఆగడం, మళ్ళీ పంపడం అంతా కలిసి ఒక్కోసారి రెండు మిల్లీసెకన్లు, ఒక్కోసారి రెండు వందలు. అదీ గిఱ్ఱుగిఱ్ఱు.

శంక: మాస్టారి కొడుకు పై గదిలో స్పీడ్ టెస్ట్ పెడితే 40 మెగాబిట్లు వచ్చింది. వీడియో కాల్‌కు అందులో పదోవంతు చాలు. మరి మాట ఎందుకు తెగుతోంది?

సమాధానం: వేగం వేరు, ఆలస్యం వేరు. స్పీడ్ టెస్ట్ కొన్ని క్షణాలపాటు ఎంత వచ్చిందో కూడి, సగటు చెబుతుంది. మధ్యలో ఆగిందా, ఆగి ఒక్కసారిగా వచ్చిందా అన్నది ఆ పెద్ద అంకెలో కనబడదు. సినిమా చూస్తుంటే కూడా కనబడదు. ముందే కొంత తెచ్చి దాచుకుంటుంది కనుక. కాల్‌లో అవతలివాడు ఇంకా అనని మాటను ముందే తెచ్చి దాచడం ఎవరి తరమూ కాదు. ఫోను సంభాషణలో మాట ఒకవైపు చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటకుండా చూడమని అంతర్జాతీయ టెలికం సంఘం, ఐటీయూ, జీ.114 అనే సిఫారసులో చెప్పింది. కింది డబ్బా దాకా వెళ్ళడానికే 200 పట్టేచోట, అవతలి ఊరి దాకా చెప్పేదేముంది? కనుక ఆ కొడుకు స్పీడ్ టెస్ట్ అంకె పట్టుకుని “మా ఇంట్లో నెట్ బాగానే ఉంది” అని ఆఫీసులో వాదించడం ప్రమాణవిరుద్ధం.

పాఠాంతరం. ‘మేడపై రిపీట రింకొటి’ అని కొన్ని ఫోన్లలో కనబడుతోంది. గణం చెడుతుంది కనుక గ్రాహ్యం కాదు. అయితే అర్థంలో ఒక చిక్కు విప్పడానికి పనికొస్తుంది. మనం రౌటర్ అనే డబ్బాలో ముగ్గురు కాపురం ఉంటారు: ఇంట్లో ప్రతి పరికరానికీ అంకెల చిరునామా ఇచ్చి బయటికి దారి చూపేవాడు, తీగలు కలిపేవాడు, రేడియో వాడు. కింద ఆ ముగ్గురూ కావాలి. పైన రేడియో వాడొక్కడు చాలు. పైవాడు కూడా చిరునామాలు ఇవ్వడం మొదలుపెడితే ఒకే ఇంట్లో ఇద్దరు కరణాలు తయారవుతారు. ఇళ్ళల్లో వాడుకోవడానికని వదిలిపెట్టిన చిరునామాల వరసలు 1996లోనే స్థిరపడ్డాయి. రౌటర్లు చేసేవాళ్ళలో చాలామంది ఆ వరసల్లోంచి 192.168.1.1నో 192.168.0.1నో తమ డబ్బాకు పెట్టి పంపుతారు. రెండు డబ్బాలకూ ఒకటే పడితే, ఎవరు పిలిస్తే ఎవరు పలుకుతారో తెలియదు. నెట్ పది నిమిషాలు ఉండి, పది నిమిషాలు పోతుంది.

ఇక్కడ ఒక పూర్వపక్షాన్ని ఖండించాలి. ల్యాగ్ అని ఎవరు మొరపెట్టుకున్నా “అది డబుల్ నాట్ అండీ” అనేసే పండితవర్గం ఒకటుంది. ఇంటి చిరునామాను బయటి చిరునామాగా మార్చే పని రెండు డబ్బాల్లోనూ రెండుసార్లు జరగడాన్ని అలా అంటారు. జరగకూడదు, నిజమే. పై గది ల్యాప్‌టాప్‌కు కింది ప్రింటర్ కనబడదు, ఫోనులో బొమ్మ టీవీలోకి వెయ్యబోతే టీవీ దొరకదు, కొన్ని ఆటలు మొరాయిస్తాయి. కానీ ఆ మార్పుకు పట్టే సమయం మిల్లీసెకనులో ఏ మూలకూ రాదు. చక్రం తిరగడానికి దాన్ని కారణం అనడం, ఇంట్లో దొంగ పడితే పురోహితుణ్ణి పట్టుకున్నట్టే. సరిచెయ్యండి, కానీ దానితో రోగం కుదిరిందనుకోకండి. తీగతో కలిపిన ఇంట్లో సరిచేసే తీరు: రెండో డబ్బా సెట్టింగుల్లో యాక్సెస్ పాయింట్ మోడ్ ఉంటే దాన్ని ఎంచుకోవడం. లేకపోతే దాని చిరునామాను 192.168.1.2 వంటి ఖాళీ అంకెకు మార్చి, చిరునామాలు పంచే డీహెచ్‌సీపీని ఆపి, కింది నుంచి వచ్చే తీగను రంగు వేరుగా ఉండే వాన్ కంతలో కాకుండా మామూలు ల్యాన్ కంతలో గుచ్చడం.

‘మానదాయె’. ఎప్పుడూ మానదా, సాయంత్రాలే మానదా అని కవి చెప్పలేదు. చెప్పి ఉంటే వ్యాఖ్యాతకు సగం పని తగ్గేది. సాయంత్రం ఆరు నుంచి పది దాకానే బాధ అయితే అనుమానం చుట్టుపక్కల ఇళ్ళ మీదికి పోతుంది. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో ఇళ్ళ వైఫైకి లైసెన్సు అక్కర్లేదని భారత ప్రభుత్వం 2005లో నియమం చేసింది. 5 గిగాహెర్ట్జ్‌లో ఇప్పుడున్నంత విశాలమైన వెసులుబాటు 2018లో వచ్చింది. మొదటి పట్టీలో 13 చానళ్ళున్నా అవి ఐదేసి మెగాహెర్ట్జ్ ఎడంతో ఉంటాయి, ఒక్కో సంభాషణకు 20 కావాలి. ఒకదాని మీద ఒకటి పడకుండా మిగిలేవి 1, 6, 11 మూడే. వీధిలో ఇళ్ళన్నీ ఆ మూడింట్లో సర్దుకోవాలి. అందులో ఎవరో డబ్బా వెడల్పు 40 అని పెడితే మిగతావాళ్ళకు మిగిలేదేముంది? వంటింట్లో మైక్రోవేవ్ పొయ్యి కూడా 2.45 దగ్గరే పనిచేస్తుంది. అన్నం వేడెక్కేసరికి కాల్ చల్లబడుతుంది.

“ఆపి వెయ్యండి” అన్న వ్యాఖ్యాతకు ఇక్కడే కొంత న్యాయం చెయ్యాలి. ఆపి వేస్తే నిజంగానే బాగుపడుతుంది, ఆ పూటకు. చానల్ ఎంపిక ఆటో మీద ఉన్న చాలా డబ్బాలు లేచిన వెంటనే చుట్టూ విని, ఖాళీగా ఉన్న చానల్ పట్టుకుంటాయి. రేపు పక్కింటివాడు కూడా ఆపి వేస్తాడు. ఇద్దరూ మళ్ళీ ఒకచోటే కలుస్తారు.

పరీక్షావిధి. రోగం ఏ దూరంలో ఉందో తేల్చకుండా మందు రాయకూడదు. అందుకు పింగ్ చాలు. మైక్ మూస్ అనే అమెరికన్ 1983 డిసెంబరులో రాసిన చిన్న ప్రోగ్రాం అది. జలాంతర్గాములు వాడే సోనార్ శబ్దం మీద ఆ పేరు పెట్టాడు. ఇన్నేళ్ళయినా ఇంతకన్నా నికార్సయిన సాక్షి దొరకలేదు. పై గదిలో ల్యాప్‌టాప్ తెరిచి, ఆజ్ఞలు టైపు చేసే నల్ల కిటికీలో ముందు పై డబ్బాను పింగ్ చెయ్యాలి, విండోస్‌లో అయితే చివర హైఫన్ టి చేర్చి, ఆపేదాకా నడిచేటట్టు. జవాబులు రెండు మూడు మిల్లీసెకన్లలో స్థిరంగా వస్తే మొదటి గిఱ్ఱు నిర్దోషి. తరవాత కింది డబ్బాను. ఇక్కడ 4, 5, 180, 6, 340, ఆపైన టైమ్డ్ అవుట్ అని పడితే దొంగ దొరికినట్టే: రెండు డబ్బాల మధ్య గాలి. కిందిది కూడా స్థిరంగా ఉంటే ఇంటి బయట ఇంటర్నెట్‌లో ఉండే 8.8.8.8ను. అప్పుడు గెంతులు మొదలైతే మీ రెండో రౌటర్‌కు ఏ పాపమూ తెలియదు. ఫైబర్ ఇచ్చినవాళ్ళతో మాట్లాడుకోవాలి.

దానికి ముందు ఒక ప్రక్షిప్తాన్ని తీసెయ్యాలి. మాస్టారి భార్య ఫోను, పెళ్ళినుంచి వచ్చిన రాత్రి, నాలుగు వందల ఫోటోలు క్లౌడ్‌లోకి ఎక్కిస్తూ ఉంటుంది. పైకి పంపే దారి నిండిపోతే డబ్బా మిగతా మూటల్ని వరసలో నిలబెడుతుంది. వరస పొడవు సెకన్లలోకి పోతుంది. ఇది మూలకవి రాసిన దోషం కాదు, మధ్యలో ఎవరో చేర్చింది. ఫోటోలు ఆపి పింగ్ చూస్తే తెలిసిపోతుంది. మూటల వరసను అదుపుచేసే క్యూఓఎస్ సెట్టింగున్న డబ్బా అయితే పైకి పంపే వేగాన్ని ప్లాన్ ఇచ్చేదానికన్నా కాస్త తక్కువకు కట్టడి చేస్తే ఈ చేర్పు మళ్ళీ రాదు.

ఫోను కింది నుంచి పైకి ఎక్కినా కింది డబ్బానే పట్టుకు వేలాడడం ఇంకో దోషం. ఏ డబ్బాను ఎప్పుడు వదలాలో తేల్చుకునేది ఫోనే. కింది డబ్బా 2.4 బలాన్ని సెట్టింగుల్లో కొంచెం తగ్గిస్తే త్వరగా వదులుతుంది. ఇంతకన్నా దీని మీద రాయను. మల్లినాథుడి రెండో ప్రతిజ్ఞ గుర్తొస్తోంది.

‘ఏమి చేయుదు’. మేనల్లుడి జవాబు గద్యంలో ఒక్క ముక్క ఉండాలి: మామయ్యా, కింది నుంచి పైకి తీగ లాగించు. టీకాకారుడిగా నా నిర్ణయమూ అదే. డబ్బా మార్చడం, ప్లాన్ పెంచడం, యాంటెన్నా కొమ్ములు తిప్పడం అన్నీ దీని తరవాతే. క్యాట్ 5ఈ రకం తీగ 100 మీటర్ల దాకా గిగాబిట్ మోస్తుంది, ఏ డాబా ఇల్లూ అంత ఎత్తు లేదు. ఆ తీగలో వెళ్ళి రావడానికి ఒక మిల్లీసెకను కూడా పట్టదు. వంత పాడేవాడి పని పోయి, పై డబ్బా సొంత గొంతుతో పాడుతుంది. కింద 1వ చానల్, పైన 11 పెట్టుకుంటే ఒకరి మాటకు ఒకరు అడ్డురారు. పేరూ పాస్‌వర్డూ రెండింటికీ ఒకటే ఉంచితే ఫోను తనే మారుతుంది. తీగ గుచ్చాక పాత గాలి బంధాన్ని సెట్టింగుల్లో తప్పక తెంపాలి. తీగా గాలీ రెండు దారులూ తెరిచి ఉంటే ఒకే కబురు గుండ్రంగా తిరుగుతూ పెరిగి, పై గదే కాదు, ఇల్లంతా పడుకుంటుంది.

ఒక హెచ్చరిక మిగిలింది. తీగ లాగిన తరవాత కూడా వేగం సరిగ్గా 95 దగ్గర ఆగిపోతే రెండు కారణాలు చూడండి. డబ్బా కంత 100 మెగాబిట్లదే కావచ్చు. చవక డబ్బాల్లో ఇప్పటికీ అవే వస్తున్నాయి. లేదా తీగలోని ఎనిమిది పోగుల్లో ఏదో కొనలో సరిగా దిగలేదు. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి, ఒకటి తెగితే చాలాసార్లు రెండు జతలతో 100కు దిగి నడుస్తుంది. కొన తీయించి మళ్ళీ వేయిస్తే పోతుంది.

ఇంటి బయట గోడమీదుగా వెళ్ళే తీగకు ఎండ తట్టుకునే నల్ల తొడుగు ఉన్నదే అడగండి, కరెంటు తీగలున్న గొట్టంలో దాన్ని దూర్చనివ్వకండి. కొట్లో డబ్బా మీద సీసీఏ అని రాసి ఉంటే అది రాగి పూత పూసిన అల్యూమినియం. ధర తక్కువని తెచ్చుకోవద్దు, పూర్తి రాగిది ఇమ్మనండి.